మాయమైన ఇరవై రెండంతస్తులు

లింబాద్రి లండన్ నుంచి ఓడలో మోసుకొచ్చిన ఇరవై రెండంతస్తుల భవనం తెల్లారేసరికి బల్ల మీద లేదు.

దాని మీద కప్పిన దుప్పటి మాత్రం నాలుగు మడతలు పెట్టి బుద్ధిగా అక్కడే ఉంది. దొంగ ఎవరో గానీ పద్ధతి గల మనిషి.

ఆ రోజు లింబాద్రి వేసుకున్న పథకం చాలా చిన్నది. స్నానం, జొన్నరొట్టె, నాలుగు గంటల బస్సులో నిజామాబాద్, అక్కడి నుంచి మన్మాడ్ రైలు. ఎల్లుండి పొద్దున బొంబాయిలో ఒక పెద్ద ఆర్కిటెక్టు ముందు ఆ నమూనా పెట్టి నిలబడాలి. ఆయన సరేనంటే ఏడాది పాటు పని నేర్పుతాడు. ఆ ఏడాది పూర్తికాకుండా లండన్ కాలేజీ పట్టా ఇవ్వదు. నమూనా లేకుండా వెళితే ఆయన గుమ్మం కూడా దాటనివ్వడు.

ఆ భవనం కోసం లండన్‌లో లింబాద్రి పడ్డ పాట్లు అంతా ఇంతా కాదు. మంచానికీ బల్లకూ రెంటికీ చోటున్న గది అక్కడి కిరాయిల్లో అతనికి అందలేదు. నమూనాను మంచం మీద పెట్టి, తను ఆర్నెల్లు మంచం కింద పడుకున్నాడు. గదిలో వెచ్చదనం కావాలంటే మీటరులో షిల్లింగు వెయ్యాలి. షిల్లింగు ఉన్న రోజు జిగురు ఆరేది, లేని రోజు అతనూ, భవనమూ ఇద్దరూ వణికేవారు. ఇంటావిడ ఒకసారి తొంగిచూసి, ఇరవై రెండంతస్తులకూ వేరే కిరాయి కడతావా అని అడిగింది. అట్టతో, పలుచని చెక్కతో చేసిన గుండ్రటి భవనం అది. కింద విశాలంగా మొదలై, పైకి పోతున్నకొద్దీ సన్నబడుతుంది. పై వసారాల్లో గోరంత అట్టమనుషులు నలభై ఎనిమిది మంది నిలబడి ఉంటారు.

"బాపూ, నా బిల్డింగు పోయింది" అన్నాడు లింబాద్రి వాకిట్లోకి వచ్చి.

తండ్రి దేవన్న బండి ఇరుసుకు ఆముదం రాస్తున్నాడు. "ఏడికి పోతది? లండన్‌ల ఉన్నదాన్ని గీడికి తెచ్చిందే నువ్వు."

"బల్ల మీద వెట్టిన."

"తలుపుకు గొళ్లెం వెట్టినవా?"

"మర్సిపోయిన."

"ఐదేండ్లు సదివిచ్చిండ్రు, గొళ్లెం వెట్టుడు నేర్పలేదా వాండ్లు?"

లింబాద్రి వెనక అర్ర తలుపు తట్టాడు. ఆ రోజు సద్దుల బతుకమ్మ. తల్లి హన్మవ్వ కోడి కూయకముందే పూలతో అందులో దూరి తలుపేసుకుంది.

"అవ్వా, నా బిల్డింగు సూసినవా?"

"పూలు పేరుస్తున్న బిడ్డా. తలుపు తియ్యకు, గాలొస్తది."

దేవన్న పోలీస్ పటేల్ బాపురావుకు కబురు పెట్టాడు. బోధన్ చెరకు తోటల మధ్య ఉన్న ఆ చిన్న ఊళ్లో పదేళ్లలో పోయినవి ఒక మేక, రెండు బిందెలు. బాపురావు ఆనందాన్ని మీసాల కింద దాచుకుని, కొత్త కాగితం తీసి పంచనామాకు కూర్చున్నాడు.

"ఏం పోయింది?"

"భవనం."

"ఎన్నంతస్తులు?"

"ఇరవై రెండు."

"యాడ వెట్టినవు?"

"బల్ల మీద."

కలం ఆగింది. కానీ పంచనామాలో రాసేవాడి అభిప్రాయానికి జాగా ఉండదు కాబట్టి బాపురావు అలాగే రాసేశాడు. "లోపల ఎవలన్న ఉండిరా?"

లింబాద్రికి అబద్ధం చెప్పే అలవాటు లేదు. "నలభై ఎనిమిది మంది. అట్టమనుషులు పటేలా."

"ఏ మనుషులైతేంది, మనుషులు మనుషులే. అందరు పోయిండ్రా?"

"అందరు పోయిండ్రు."

బాపురావు ఆ కాగితాన్ని వాకిట్లో చేరిన జనానికి గట్టిగా చదివి వినిపించాడు. గంటసేపట్లో అది బావి దగ్గరికి చేరింది. లింబాద్రి లండన్‌లో కట్టిన ఇల్లు కూలి నలభై ఎనిమిది మంది చచ్చిపోయారని అక్కడ తేలింది. మధ్యాహ్నానికల్లా అతను అందుకే పారిపోయి వచ్చాడని కూడా తేలింది. చావు ఇంట్లో పొయ్యి వెలగకూడదని ఇద్దరు అన్నం తెచ్చారు, ఒకరు కల్లు తెచ్చారు. దేవన్న దేనికీ కాదనలేదు.

పక్కింటి నాగవ్వ కొంగుతో ముక్కు తుడుచుకుంటూ వచ్చింది. "సున్నం తక్కువ ఏసినవా బిడ్డా?"

"సున్నం కాదు సిన్నమ్మా. జిగురుతోటి అతికిచ్చిన."

"జిగురుతోటి కడితే కూలదా మరి?"

రెండు గంటలైంది. లింబాద్రి పెట్టె అందుకున్నాడు. ఉత్త చేతులతోనైనా వెళ్లి ఆర్కిటెక్టు కాళ్లు పట్టుకోవాలని అతని ఆలోచన. బాపురావు లాఠీ అడ్డం పెట్టాడు.

"నలభై ఎనిమిది మంది లెక్క తేలేదాంక నువ్వు ఊరు దాటొద్దు. బస్సెక్కినవంటే ముల్జిం ఫరార్, నేరం జేసినోడు పారిపోయిండని రాస్త."

వెనక అర్ర తలుపు ఓరగా తెరుచుకుంది. హన్మవ్వ ఆ మాట విన్నది. కొడుకు వైపు జాలిగా చూసి, కొంగు సర్దుకుని మళ్లీ తలుపేసుకుంది.

"ఇంకోటి" అన్నాడు బాపురావు జనం వైపు తిరిగి. "గిన్ని పానాలు పోయినంక ఊర్ల ఆటలు, పాటలు మంచిగుండవు. ఇయ్యాల బతుకమ్మ బంద్."

తలుపు బార్లా తెరుచుకుంది. హన్మవ్వ పూల పసుపు అంటిన చేతులతో వాకిట్లోకి వచ్చి నిలబడింది. ఆమె వెనక, అర్రలో, తాంబాళంలో దూలం దాకా లేచిన బతుకమ్మను చూసి నాగవ్వ ముక్కు తుడుచుకోవడం మానేసింది.

"బంద్ ఎట్ల జేస్తవు పటేలా? ఎవలు సావలే. నలభై ఎనిమిది మంది నా బతుకమ్మ లోపల సల్లగ ఉన్నరు. నేనే తీసిన. వానల్లేక గునుగు పూలు బుట్టెడు గూడ దొరకలే. గీ నాగవ్వేమో మూడేండ్ల సంది నా దానికంటె జానెడెత్తు పేరుస్తది. పొద్దుగాల దుప్పటి తీసి సూస్తే గుండ్రంగున్నది, మీదికి సన్నగున్నది, లోపల డొల్లనే ఉన్నది. నా కొడుకు లండన్ పోయి బతుకమ్మ పేర్సుడే నేర్సుకొచ్చిండనుకున్న. సుట్టు పూలు సెక్కిన. ఇప్పుడే ఆడేస్తం బిడ్డా, పూలు సెర్వుల ఇడిసి నీ బిల్డింగు నీకిస్త, నాలుగింటి బస్సు అందుతది. కాకపోతే అది తాంబాళంల పట్టలే. కింది ఆరంతస్తులు కత్తిపీటతోటి కోసిన. బొంబాయోళ్లు అడిగితే, ఏడో అంతస్తు నుంచి మొదలువెట్టిన్నని సెప్పు."