ఆపకూడని ఇంజను

ఎనిమిదిన్నరకు ఇంట్లో బయల్దేరాలి, పదింటికల్లా డ్రైవింగ్ పరీక్ష పెట్టే మైదానంలో ఉండాలి. శుక్రవారం పొద్దున్న ఆ ఇంటి ప్రణాళిక ఇంతే. అమ్మాయి సోమవారం పశువుల డాక్టరుగా చేరాలి. ఊరూరూ తిరిగే ఉద్యోగం కాబట్టి లైసెన్సు చూపిస్తేనే చేర్చుకుంటామని రాశారు. ఇప్పటికే రెండుసార్లు పరీక్ష తప్పింది. ఈసారీ తప్పితే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది.

ఫిజిక్సు మాస్టారు మాత్రం ఎనిమిదీ ఇరవైకి ఇంకా కారు బానెట్‌లో తల పెట్టే ఉన్నారు. కారు వాళ్ళమ్మాయి కంటే రెండేళ్ళు పెద్దది, వారం రోజులుగా మొరాయిస్తోంది. ఆయన మంగళవారం బ్యాటరీ మార్చారు, బుధవారం బెల్టు బిగించారు, నిన్న తీగల చివర్లన్నీ ఉప్పుకాగితంతో రుద్దారు. ఇవాళ ఇంజను నాలుగుసార్లు మూలిగి, ఎలాగో అందుకుంది.

"ఇంజను నడుస్తున్నా పన్నెండు వోల్టులే! పద్నాలుగు రావాలి. ఆల్టర్నేటర్ కరెంటు తయారు చెయ్యట్లేదు," అని మీటరు చూసి ప్రకటించారు.

"మెకానిక్కుకి చూపించమని వారం నుంచీ మొత్తుకుంటున్నాను కదండీ," అంది భార్య.

"ముప్ఫై ఏళ్ళు విద్యుత్తు పాఠం చెప్పినవాణ్ణి. నేను వెళ్ళి మెకానిక్కుని అడగాలా?"

"నాన్నా, టైమవుతోంది," అంది అమ్మాయి.

"కంగారు పడకు. బ్యాటరీలో ఉన్నది చాలు. ఇంజను మాత్రం ఆపకూడదు. ఆపితే మళ్ళీ లేవదు. లైట్లు, వైపర్లు, ఇండికేటర్లు, హారన్, ఏదీ ముట్టుకోవద్దు."

రెండు వీధులు దాటగానే వాన అందుకుంది. మాస్టారి భార్య కిటికీలోంచి నడుం దాకా బయటికి వంగి, తువ్వాలుతో ముందు అద్దం తుడవసాగింది. అమ్మాయి వెనకసీట్లో ఆ కొసకీ ఈ కొసకీ జరుగుతూ, మలుపు వచ్చినప్పుడల్లా ఇండికేటర్ బదులు కిటికీలోంచి చెయ్యి చాపింది. హారన్ బదులు భార్య "తప్పుకోండి బాబూ!" అని అరిచింది. మాస్టారి చూపు రోడ్డు మీద కంటే ఒళ్ళో పెట్టుకున్న మీటరు మీదే ఎక్కువగా ఉంది.

కూడలిలో ఎర్రలైటు పడింది. ఇంజను ఆగిపోతుందేమోనని మాస్టారు కాలు తియ్యకుండా యాక్సిలరేటర్ తొక్కుతూనే ఉన్నారు. ముందున్న వ్యాను డ్రైవరు ఆ రంకెలు విని కిందికి దిగాడు.

"ఏంటండీ, మీదికి ఎక్కించేస్తారా?"

"క్షమించాలి," అంటూ మాస్టారు ఇంకాస్త తొక్కారు.

"క్షమించాలంటూనే బెదిరిస్తున్నారా?"

"బెదిరింపు కాదు నాయనా, వోల్టేజీ!"

అతనికి నచ్చజెప్పి కదిలేసరికి రెండు పచ్చలైట్లు వెళ్ళిపోయాయి. పదికి రెండు నిమిషాలుందనగా కారు రొద చేస్తూనే మైదానంలోకి చేరింది. తడిసి ముద్దయిన భార్య దిగి ఓ మూల నిలబడింది. పరీక్ష పెట్టే ఇన్‌స్పెక్టరు రాసుకునే అట్టా, కాగితాలూ పట్టుకుని, డ్రైవరు సీట్లోకి మారిన అమ్మాయి పక్కన కూర్చున్నారు.

"ముందు ఇంజను ఆపి, మళ్ళీ స్టార్ట్ చెయ్యమ్మా."

"ఆపకూడదండీ!" అని మాస్టారు కిటికీలోకి తల దూర్చి కేక పెట్టారు.

"మీరు అవతలికి వెళ్ళండి."

అమ్మాయి ఆపింది. తిప్పింది. టక్ మంది. మళ్ళీ తిప్పితే ఆ టక్ కూడా లేదు. ఇన్‌స్పెక్టరు కలం మూత తీశారు. అమ్మాయికి ఏడుపొచ్చింది. సోమవారం కళ్ళముందే జారిపోతోంది.

"సార్, ఒక్క నిమిషం," అంది. నోరు లేని జీవాలకు వైద్యం చదివిన పిల్ల. కంటికి కనిపించేది ముందు చూడడం అలవాటు. తాళం సగం తిప్పి డాష్‌బోర్డు మీటర్ల వైపు వంగింది. ఆయిల్ గుర్తున్న దీపం మసగ్గా వెలిగింది. పక్కన బ్యాటరీ బొమ్మ ఉన్నచోట ఏమీ లేదు.

"నాన్నా, ఈ ఎర్రదీపం వెలగదేం?"

"నేనే తీసేశాను. తాళం తిప్పినప్పుడల్లా ఊరికే కరెంటు తింటోంది."

"ఎప్పుడు తీశారు?"

"పోయిన ఆదివారం."

"కారు మొరాయించడం ఎప్పుడు మొదలైంది?"

"సోమవారం," అని మూలనుంచి భార్య అందించింది.

ఇన్‌స్పెక్టరు కలం ఆపారు. "మాస్టారూ, ఈ పాతకార్లలో ఆ దీపంలోంచి వెళ్ళే కాస్త కరెంటే ఆల్టర్నేటర్‌ని నిద్రలేపేది. మీరు తీసింది ఉత్త దీపం కాదు, ఆ కరెంటు వెళ్ళే దారే తెంపేశారు."

బల్బు డాష్‌బోర్డు అరలో భద్రంగా పొట్లం కట్టి ఉంది. మాస్టారు చెమటలు కక్కుతూ దాన్ని బిగించారు. ఇన్‌స్పెక్టరు తన జీపు బ్యాటరీ నుంచి తీగలు తగిలించారు. తాళం తిప్పగానే ఎర్రదీపం వెలిగింది. ఇంజను అందుకున్నాక యాక్సిలరేటర్ కాస్త తొక్కితే ఆ దీపం ఆరిపోయింది. మీటరు పద్నాలుగు చూపించింది. అమ్మాయి కారుని ఎనిమిది అంకె ఆకారంలో తిప్పింది, వెనక్కి నడిపింది, గీతల మధ్య నిలిపింది. పాసయింది. తల్లి ఆ తడి తువ్వాలుతోనే కళ్ళు ఒత్తుకుంది.

"అవునూ, బ్యాటరీ ఆ స్థితిలో ఉంటే ఇంతదూరం ఎలా తెచ్చారు?" అని ఇన్‌స్పెక్టరు అడిగారు.

పోయిన పరువు కొంతైనా దక్కించుకునే అవకాశం దొరికిందని మాస్టారు ఛాతీ విరిచారు. "అంత జడివానలోనూ వైపర్ వెయ్యలేదు, లైటు వెయ్యలేదు, ఇండికేటర్ ముట్టుకోలేదు. ఒళ్ళో మీటరు చూసుకుంటూ పాతిక కిలోమీటర్లు నడిపాను!"

ఇన్‌స్పెక్టరు ఒక్కొక్కటే శ్రద్ధగా రాసుకున్నారు. మాస్టారు మురిసిపోయి, మీటరు సంగతి మరచిపోకుండా రాయమని గుర్తు కూడా చేశారు.

"మీ లైసెన్సు ఒకసారి ఇవ్వండి మాస్టారూ." పేరు రాసుకుంటారనుకుని ఆయన ఇచ్చారు. అది తిరిగి చేతికి రాలేదు. ఆరు నెలల దాకా రాదని కాగితం మాత్రం వచ్చింది.

మొత్తానికి ఆ ఇంట్లో పొద్దున్న బయల్దేరేటప్పుడూ లైసెన్సు ఒకటే, తిరిగొచ్చేటప్పుడూ ఒకటే.