పలచని రక్తం, పరమసుఖం

మనిషన్నవాడి ఒంట్లో రక్తం చిక్కగా ఉండకూడదు! చిక్కగా ఉన్నన్నాళ్ళూ నేను పడ్డ పాట్లు పగవాడికి కూడా వద్దు. సిలిండరు జరపాలి, అటక మీది పెట్టె దించాలి, బావమరిదితో వాదించాలి. ఇప్పుడో? రోజుకో చిన్న బిళ్ళ మింగి హాయిగా కూర్చుంటున్నాను.

ఆరు నెలల కిందట నా గుండె దగ్గర ఒక రక్తనాళంలో స్టెంట్ వేశారు. అక్కడ రక్తం గడ్డ కట్టకుండా గుండె డాక్టరుగారు బిళ్ళ రాశారు. అప్పటి నుంచి కుర్చీ అంచు తగిలితే చాలు, ఒళ్ళు కమిలిపోతుంది. మొదటి రోజు వంకాయ రంగు, మూడో రోజు ఆకుపచ్చ, వారానికల్లా పసుపు. మా మనవరాలు రంగు పెన్సిళ్ళ డబ్బా తెచ్చుకుని ఒక్కొక్కటీ సరిచూసుకుంటుంది. నారింజ ఒక్కటే దొరకలేదట, తాతయ్యని ఇంకోసారి తలుపుకి గుద్దుకోమంది.

ఇంట్లో నా పరపతి సంగతి చెప్పాలా? పక్కింటావిడ నా చేతులు చూసింది, మా ఆవిడను చూసింది, మళ్ళీ నా చేతులు చూసి తలుపేసుకుంది. ఆనాటి నుంచి మా ఆవిడ నలుగురిలో నాతో ఎంత మెత్తగా మాట్లాడుతోందో! ముప్ఫై నాలుగేళ్ళ కాపురంలో ఇదే మొదలు.

దానితోపాటే రాసిన బీపీ బిళ్ళ మహిమ ఇంకొకటి. అపార్ట్‌మెంట్ సంఘం మీటింగుల్లో దిగ్గున లేచి అభ్యంతరం చెప్పడం నా జన్మహక్కు. ఇప్పుడు దిగ్గున లేస్తే కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి. కుర్చీ పట్టుకుని, ప్రపంచం తిరగడం ఆగేదాకా నిలబడేలోగా తీర్మానం పాసైపోతోంది. లిఫ్టులో అద్దం వద్దని ఐదేళ్ళు అడ్డుపడ్డాను. పెట్టేశారు!

ఇక మోకాళ్ళ డాక్టరుగారు. ఆయనది అదే ఆసుపత్రిలో పై అంతస్తు. నొప్పికి ఆయనిచ్చిన బిళ్ళ కూడా రోజూ వేసుకుంటున్నాను. గుండెకు నీలం ఫైలు, మోకాళ్ళకు పచ్చ ఫైలు. ఒకరి ఫైలు ఇంకొకరికి పొరపాటున కూడా చూపించను. అత్తవారింట్లో భోంచేస్తూ అమ్మ వంట పొగుడుతామా? మర్యాద ఉండాలి! వాళ్ళూ మర్యాదస్తులే, ఒక్కసారి కూడా అడగలేదు. ఎవరికి వారే యమునా తీరే. కంప్యూటరు వైపు చూస్తూ రాసిచ్చి, బెల్లు కొట్టి తరవాతి వాణ్ణి పిలుస్తారు.

పళ్ళు తోముకుంటే ఉమ్మి ఎర్రగా పడుతోంది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. పొద్దున దొడ్డికెళ్తే తారులా నల్లగా అవుతోంది. ఇది పత్రికలో రాయదగ్గ విషయం కాదు, అందుకే ఎవరికీ చెప్పలేదు.

ఇంత సుఖాన్నీ చెడగొట్టినవాడు మా సెలూనాయన!

పోయిన నెల గడ్డం గీస్తుంటే చుబుకం మీద చిన్న గాటు పడింది. పటిక రుద్దాడు. తువ్వాలు అదిమాడు. మళ్ళీ పటిక. గోడ గడియారంలో ఇరవై నిమిషాలు గడిచాయి, రక్తం మాత్రం ఆగలేదు. ఆయన కత్తి మూసి పక్కన పెట్టాడు.

"ఏం మందులు వాడుతున్నారండీ?"

గుండెకని చెప్పాను. "ఇంకా?" అన్నాడు. మోకాళ్ళకని నోరు జారాను.

"ఆయనిచ్చింది ఈయనకు తెలుసా?"

నేను మర్యాద గురించి వివరంగా చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, నా మెడ చుట్టూ ఉన్న గుడ్డ విప్పేశాడు.

"రెండు ఫైళ్ళూ ఒకరికే చూపించి రండి. మిగతా సగం అప్పుడు గీస్తాను."

బతిమాలాను, కోప్పడ్డాను. వినడే! సగం గడ్డంతో ఇంటికొచ్చాను. నేను ఐదేళ్ళు అడ్డుకున్న ఆ లిఫ్టు అద్దంలో నా మొహం సాంతం కనిపించింది. గడ్డం లేని వైపు కాగితంలా తెల్లగా ఉంది. నిజం చెప్పొద్దూ, భయమేసింది.

గుండె డాక్టరుగారు ఆ సగం గడ్డం చూసి మొదటిసారి కంప్యూటరు మీంచి తల తిప్పారు. రెండు ఫైళ్ళూ పక్కపక్కన పరిచారు. రెండు బిళ్ళలూ కలిసి నా కడుపులో పుండు చేసి, నెలల తరబడి రక్తం కార్పిస్తున్నాయట. ఒంట్లో ఉండాల్సిన రక్తం సగానికి పడిపోయిందట. నొప్పి బిళ్ళ ఆపేసి, గుండె బిళ్ళ మాత్రం తనకు చెప్పకుండా మానొద్దని చెప్పి, అక్కడికక్కడే మంచమెక్కించారు. ఇంకో వారం ఆగి ఉంటే, అని మొదలుపెట్టి మా ఆవిడ మొహం చూసి ఆపేశారు.

ఇప్పుడు ఆయాసం లేదు, మచ్చలు తగ్గాయి. మళ్ళీ సిలిండరు, మళ్ళీ అటక, మళ్ళీ బావమరిది. ఏం చేస్తాం, ఖర్మ!

ఆసుపత్రివారికి ఒక్క మనవి. ఆ రెండు అంతస్తుల మధ్య మెట్ల మలుపులో కాస్త ఖాళీ ఉంది. అక్కడ ఒక అద్దం, ఒక కుర్చీ వేసి మా సెలూనాయన్ని పెట్టండి. ఆయనకు గుండె సంగతి తెలీదు, మోకాళ్ళ సంగతి తెలీదు. కానీ మనిషి మొహం చూడకుండా ఆయన పని మొదలుపెట్టలేడు.