ఆర్వో భుజమూ ఒరెస్ట్ నోరూ

శాలరీ క్యాప్‌ను మించిన వరం మానవజాతికి ఇంతవరకూ దక్కలేదు! నవ్వకండి. నేను ఒళ్ళు తెలిసే మాట్లాడుతున్నాను.

కెనడాలోని మా థండర్ బేలో ఒక్క జనవరి గడిపినవాళ్ళకి ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. ముక్కులో వెంట్రుకలు కూడా గడ్డకట్టే చలి. వెలుతురు ఆలస్యంగా వస్తుంది, వచ్చిన పని చూసుకోకుండానే వెళ్ళిపోతుంది. అలాంటి రోజుల్లో నలుగురు మగవాళ్ళు ఒక బల్ల చుట్టూ కూర్చుంటే ఏం మాట్లాడుకోవాలి? అల్లుడి గురించి మాట్లాడితే గొడవ. గుండెనొప్పి గురించి మాట్లాడితే దిగులు. పక్కింటివాళ్ళ గురించి మాట్లాడితే చాడీలు!

అదే, పక్కింటివాళ్ళ అబ్బాయి పెద్ద లీగ్‌లో మంచు మీది హాకీ ఆడుతున్నాడనుకోండి. వాడి ఒంటి గురించీ, జీతం గురించీ, వాడిని ఎవరికిచ్చేసి ఎవరిని తెచ్చుకోవాలన్న దాని గురించీ ఎంతసేపు మాట్లాడినా చాడీ కాదు. విశ్లేషణ!

ఈ విశ్లేషణలో ఒరెస్ట్ నతియుక్‌ను మించినవాడు మా ఊళ్ళో లేడు.

రేవులో ధాన్యం గోదాముల్లో పనిచేసి రిటైరైన మనిషి. గొంతు కన్వేయర్ బెల్టు చప్పుడును దాటి వినిపించాలి కాబట్టి అప్పట్లో పెంచుకున్నాడు, తర్వాత తగ్గించుకోవడం మరిచిపోయాడు. కూతురు ఏ ఆఫీసులో పనిచేస్తోందో చెప్పమంటే భార్య వెర్నా వైపు చూస్తాడు. మా ఊరంతా అభిమానించే స్టర్జన్స్ జట్టులో మూడో గోలీ, అంటే గోల్‌కీపర్, కాంట్రాక్ట్ ఎప్పుడు ముగుస్తుందో అడగండి, నిద్రలో లేపినా చెబుతాడు.

క్యాప్ అంటే ఏమీ లేదు. ఏ జట్టయినా ఆటగాళ్ళ జీతాలకి ఇంతకు మించి ఖర్చు పెట్టకూడదని లీగ్ గీసిన గీత. దెబ్బ తగిలి చాలాకాలం మూలపడ్డవాడి జీతాన్ని మాత్రం ఆ లెక్కలోంచి కాస్త పక్కన పెట్టుకోనిస్తారు. అందుకని, ఆటగాడి ఎముక విరిగిందంటే నిజమైన అభిమాని ముందు ‘అయ్యో’ అనడు. ‘ఎంత మిగిలింది?’ అంటాడు. ఇంత నిబ్బరం మునులకైనా ఉంటుందా చెప్పండి!

ఆ చలికాలమంతా ఒరెస్ట్ విశ్లేషణకి దొరికినవాడు ఆర్వో కోస్కెలా. స్టర్జన్స్ డిఫెన్స్ ఆటగాడు. ఒరెస్ట్ పక్కింటి ఐలా ఒక్కగానొక్క కొడుకు. చిన్నప్పుడు ఒరెస్ట్ గ్యారేజీ తలుపుకి సొట్టలు పెట్టింది ఈ ఆర్వోనే. డిసెంబర్‌లో ఆటలో ఎవడో గుద్ది, మైదానం చుట్టూ ఉండే అద్దాల గోడకేసి నొక్కేస్తే అతని భుజం జారింది. అప్పటినుంచీ ఒక ఆట ఆడితే రెండు ఆటలు కూర్చుంటున్నాడు.

“అదేం నొప్పిరా? ఆడేంత తగ్గదు, మూలపడేంత పెరగదు!” అని కాఫీ షాపులో బల్ల చరిచాడు ఒరెస్ట్. “ఊడితే పూర్తిగా ఊడాలి, వాడి జీతం పక్కన పెట్టేసుకుంటాం. లేదా అతుక్కోవాలి. మధ్యలో వేలాడితే జట్టు ఏమైపోవాలి?”

ఎదురుగా ఉన్నవాడు మంగలి గేటానో. పెర్షియన్ బన్ను మీది గులాబీ రంగు తీపిపూత మీసానికి అంటుకున్నా పట్టించుకోకుండా వాదించే రకం.

“మన ఊరి కుర్రాడురా. వాడి మొదటి క్షవరం నేనే చేశాను.”

“అయితే? నీ క్షవరానికి క్యాప్‌లో మినహాయింపు ఇస్తారా? డెన్వర్ వాళ్ళకి వాడినిచ్చి, వాళ్ళ రెండో గోలీని పట్టుకురావాలి. పైన, కొత్త కుర్రాళ్ళని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఒక ఛాన్స్ అడగాలి. అంతే!”

“వాడికి నిజంగానే నొప్పిగా ఉందేమో.”

“నొప్పి భుజానికి కాదు, కాంట్రాక్ట్‌కి! కాంట్రాక్ట్ చేతికొచ్చాక ఎవడికైనా నొప్పి వస్తుంది.”

ఈ మాట చాలా బాగుందనిపించి, ఒరెస్ట్ ఇంటికొచ్చాక రేడియోకి ఫోన్ చేసి మళ్ళీ అన్నాడు. శ్రోతల కార్యక్రమంలో అతని గొంతు ఊరందరికీ పరిచయమే. వెర్నా వంటింట్లోంచి వచ్చి నిలబడింది.

“ఐలా రేడియో వింటుందయ్యా.”

“వింటే విననీ. ఇందులో పర్సనల్ ఏముంది? ఇది క్యాప్ విషయం.”

“నిన్ననే మనకి యాలకుల రొట్టె ఇచ్చి వెళ్ళింది.”

“రొట్టెని నేనేమన్నా అన్నానా?”

చూశారా, ఎంత న్యాయబుద్ధి! మనిషిని, అతని తల్లి చేసిన రొట్టెని ఎక్కడికక్కడ విడదీసి చూడగలగడం సామాన్యమా?

ఫిబ్రవరిలో ఒక పొద్దున వాదన మరీ ముదిరింది. గుద్దు ఎలా తీసుకోవాలో ఆర్వోకి తెలియదని ఒరెస్ట్, తెలిసినా దెబ్బ తప్పదని గేటానో. మాటలతో లాభం లేదని ఒరెస్ట్ లేచాడు. కోటు విప్పాడు. షాపు తలుపు పక్క గోడని అద్దాల గోడ అనుకోమన్నాడు.

“నువ్వు అటునుంచి రా. గట్టిగా రా! నేను భుజం ఇలా తిప్పుతాను, నువ్వే పడతావు.”

గేటానోకి రావడం ఇష్టం లేదు. కానీ చుట్టూ అందరూ కప్పులు దించి చూస్తున్నారు. వచ్చాడు. ఒరెస్ట్ భుజం తిప్పాడు. తిప్పినంతవరకూ తిప్పడం అద్భుతంగానే ఉంది. కాకపోతే, బూట్ల మంచు కరిగి నేలంతా తడి. కాలు ఒకవైపు, భుజం ఇంకోవైపు వెళ్ళాయి. మధ్యలో ‘టక్’ మని ఒక చప్పుడు వినిపించింది. గేటానో మాత్రం పడలేదు.

డాక్టరు ఒరెస్ట్ చెయ్యి మెడకి కట్టి, వసంతం వచ్చేదాకా చెంచా కంటే బరువు ఎత్తవద్దన్నాడు.

మర్నాడు ఒరెస్ట్ పరామర్శల కోసం కాఫీ షాపుకి వెళ్ళాడు. అయితే తలుపు తీసేసరికే అక్కడ విశ్లేషణ మొదలైపోయి ఉంది. ఈసారి స్టర్జన్స్ గురించి కాదు. మంచు మీద రాయి జార్చే కర్లింగ్ పోటీలు దగ్గరపడ్డాయి. ఆ బల్ల దగ్గరి వాళ్ళదే ఒక జట్టు. అందులో రెండోవాడుగా రాయి జార్చేది ఒరెస్ట్.

“ఈ వయసులో భుజం మునుపట్లా అవదు,” అంటున్నాడు గేటానో. “అయినా, దెబ్బకి ముందు కూడా అతని రాయి మరీ కుడికి పోయేది. ఫిన్నిష్ హాల్ జట్టులో ఒకడు ఖాళీగా ఉన్నాడు. వాడిని తెచ్చుకుందాం.”

“నేను ఇక్కడే నిలబడి ఉన్నానురా!” అన్నాడు ఒరెస్ట్.

“చూశాం. కూర్చో. ఇందులో పర్సనల్ ఏం లేదు.”

మూలనుంచి ఇంకొకడు అందుకున్నాడు. “నిజంగా అంత దెబ్బేనా? వాకిట్లో మంచు ఎత్తకుండా తప్పించుకోడానికి కాదు కదా?”

అందరూ నవ్వారు. ఒరెస్ట్ నవ్వబోయాడు, భుజం కలుక్కుమంది. “నొప్పిగా ఉందిరా,” అన్నాడు. ఆ గొంతు ఎవరికీ వినిపించలేదు. అంత మెల్లగా మాట్లాడటం అతనికి అలవాటు లేదు.

ఆ వారాంతంలో మంచు మోకాళ్ళ లోతు కురిసింది. పైగా మునిసిపాలిటీ బండి వీధి శుభ్రం చేస్తూ, ఉన్నదంతా తెచ్చి అందరి వాకిళ్ళ ముందూ కట్ట కట్టి పోయింది. ఒరెస్ట్ గుమ్మంలో నిలబడి ఆ కట్ట వంక చూస్తున్నాడు. పక్క గుమ్మంలో ఇంకొకడు కూడా అలాగే నిలబడి చూస్తున్నాడు. అతని చెయ్యి కూడా మెడకి కట్టే ఉంది. భుజం మళ్ళీ జారి, విశ్రాంతికి ఇంటికొచ్చిన ఆర్వో!

రెండు వాకిళ్ళలోనూ మంచు ఎత్తుతున్నది డెబ్భై ఏళ్ళ ఐలా. సాయానికి వెర్నా.

“అంకుల్, మీది ఏ భుజం?” అని కేకేశాడు ఆర్వో.

“కుడి.”

“నాదీ కుడే. రాత్రుళ్ళు పడుకోగలుగుతున్నారా?”

అప్పటిదాకా ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఒరెస్ట్ తల అడ్డంగా ఊపాడు. ఆర్వో మంచులోంచి దారి చేసుకుంటూ వచ్చాడు. మంచం మానేసి వాలుకుర్చీలో పడుకోమన్నాడు. మోచేతి కింద దిండు ఎక్కడ పెట్టాలో పెట్టి చూపించాడు. చొక్కాకి ముందు దెబ్బ తగిలిన చెయ్యి దూర్చాలి, బాగున్న చెయ్యి తర్వాత అని నేర్పాడు. ఆరడుగుల కుర్రాడు అంత పెద్దాయనకి ఒంటిచేత్తో చొక్కా తొడుగుతుంటే ఒరెస్ట్ నోట ఒక్క విశ్లేషణ రాలేదు.

చివరికి ఉండబట్టలేక అడిగాడు. “రేడియోలో నేను అన్నవి విన్నావా?”

“అమ్మ చెప్పింది.”

“ఏమంది?”

“మీకు జలుబు చేసినట్టుంది, గొంతు బాగాలేదంది.”

ఆ తర్వాత ఆర్వో రోజూ వచ్చి కూర్చునేవాడు. వెర్నా బంగాళదుంప కూరి కజ్జికాయల్లా మడిచిన పెరొగీలు వేయించి పెట్టేది. ఇద్దరూ ఎడమ చేత్తో తంటాలు పడుతూ తినేవారు. స్టర్జన్స్ జట్టు ఉండే నగరంలో తన అపార్ట్‌మెంట్ గురించి, అక్కడ పెళ్ళి చేసుకోబోతున్న అమ్మాయి గురించి, ఆ అమ్మాయి కుక్క తనని ఇంకా ఒప్పుకోని సంగతి గురించి ఆర్వో చెప్పేవాడు. ఇవేవీ ఒరెస్ట్‌కి తెలియవు. అతనికి తెలిసిందల్లా ఆ కుర్రాడికి ఎన్నేళ్ళ కాంట్రాక్ట్ ఉందో, ఎంత జీతమో మాత్రమే.

జట్లు ఆటగాళ్ళని ఇచ్చిపుచ్చుకునే ట్రేడ్‌ల గడువు ముగిసే రోజు మధ్యాహ్నం, ఆ వంటింట్లోనే ఆర్వో ఫోన్ మోగింది. అతను లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. “సరే,” అన్నాడు. “సరే సార్. ఎప్పటిలోగా?” అన్నాడు. ఫోన్ పెట్టేసి, పెరొగీల పళ్ళెం ముందుకి వచ్చి కూర్చున్నాడు కానీ తినలేదు.

“డెన్వర్,” అన్నాడు. “వాళ్ళ రెండో గోలీకి నన్ను ఇచ్చేశారు. పైన ఒక డ్రాఫ్ట్ ఛాన్స్.”

అదే నిమిషంలో ఒరెస్ట్ ఫోన్ కూడా మోగింది. గేటానో! ఫోన్ చెవికి దూరంగా ఉన్నా గదంతా వినిపిస్తోంది. “ఒరేయ్! అచ్చం నువ్వు చెప్పిందే చేశార్రా! నువ్వు మేధావివి! మేనేజర్ కుర్చీలో నిన్నే కూర్చోబెట్టాలి!”

జీవితంలో ఏ అభిమానికీ దక్కని క్షణం అది. ఊరంతా పొగుడుతున్న క్షణం. ఒరెస్ట్ ఫోన్ కట్ చేసి బల్ల మీద బోర్లా పెట్టాడు.

కొడుకుని పిలవడానికి వచ్చిన ఐలా గుమ్మంలోనే ఆగిపోయింది. అంతా విన్నది. కాసేపు చేతులు తుడుచుకుంది, చేతులకి తడేమీ లేకపోయినా. తర్వాత ఒరెస్ట్‌నే అడిగింది, ఈ విషయాల్లో అతనికి అన్నీ తెలుసు కాబట్టి.

“డెన్వర్‌కి ఇక్కణ్ణుంచి బస్సు ఉందా, ఒరెస్ట్? విమానం ఎక్కాలంటే నాకు భయం.”

ఒరెస్ట్‌కి తెలియదు. డెన్వర్ క్యాప్‌లో ఎంత మిగిలిందో తెలుసు. ఎలా వెళ్ళాలో తెలియదు.

సాయంత్రం రేడియోవాళ్ళు తామే ఫోన్ చేశారు. అందరికంటే ముందు ఈ ట్రేడ్ చెప్పిన మనిషి కదా, రెండు ముక్కలు చెప్పమన్నారు.

“తెలివితక్కువ ట్రేడ్,” అన్నాడు ఒరెస్ట్.

“అదేంటండీ! చలికాలమంతా చేయమన్నది మీరే కదా?”

“అన్నాను. ఎవరైనా వింటారనుకోలేదు.”

మర్నాడు కాఫీ షాపులో బల్ల నిండిపోయింది. కొత్త గోలీ విషయంలో గేటానో అప్పుడే రెండు కాగితపు రుమాళ్ళ మీద లెక్కలు వేసేశాడు. ఎడమ మోకాలు అనుమానమట. ఇంకో దెబ్బ తగిలితే జీతం పక్కన పెట్టేసి, ఆ డబ్బుతో ఒక ఫార్వర్డ్‌ను తేవచ్చట.

“నువ్వేమంటావు?” అని అందరూ ఒరెస్ట్ వైపు తిరిగారు.

ఒరెస్ట్ ఎడమ చేత్తో కప్పు పక్కకి జరిపాడు. “ఆ కుర్రాడిది ఏ ఊరు? అమ్మ ఉందా?”

గేటానో రుమాళ్ళు రెండూ తిరగేసి చూశాడు. “అది కాంట్రాక్ట్‌లో రాయరు కదరా,” అన్నాడు.

అంతే, ఆ పూటకి విశ్లేషణ ఆగిపోయింది. అందుకే, పాఠక మహాశయులారా, మీ కాళ్ళు పట్టుకుని అడుగుతున్నాను: క్యాప్ గురించి మాట్లాడండి, మోకాళ్ళ గురించి మాట్లాడండి, ఎవడిని అమ్మాలో ఎవడిని కొనాలో గొంతు బొంగురుపోయేలా అరవండి. ఇలాంటి దిక్కుమాలిన ప్రశ్నలు మాత్రం వేయకండి. ఆ పొద్దున గేటానో, వేరే మాట ఏదీ తోచక, తన అల్లుడి గురించి మొదలుపెట్టాడు!