యాభై ఎనిమిది డిగ్రీల జ్వరం

ఆ ఉదయానికి కంగారమ్మ దగ్గర చక్కటి ప్రణాళిక ఉంది. పదకొండు గంటలకల్లా పాపకు నీళ్లు పోసి, పాలు పట్టి, అత్తగారికి అప్పజెప్పి, కంప్యూటర్ ముందు తల దువ్వుకుని కూర్చోవాలి. కంగారమ్మ అనేది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. మూడంతస్తుల ఆ భవనంలో, మెట్ల మీద ఆమె పరుగు చూసినవాళ్లంతా కలిసి పెట్టింది. పాప తుమ్మితే డాక్టరుకు ఫోన్ చేసి, రెండో తుమ్ము రాకపోతే అదేమిటని మళ్లీ ఫోన్ చేసే మనిషికి ఇంకో పేరు పెడితే అతకదు మరి.

పదకొండు గంటలకు ఉద్యోగ పరీక్ష. సమావేశాల్లో ఎవరేమన్నారో హెడ్‌ఫోన్లలో విని, ఉన్నది ఉన్నట్టు టైపు చేసే పని. ఇంట్లో కూర్చునే చేసుకోవచ్చు. పదో తరగతితో చదువు ఆగిపోయిన ఆమెను సర్టిఫికెట్లు అడగని ఉద్యోగం ఇదొక్కటే దొరికింది. చెవులూ వేళ్లూ పనిచేస్తే చాలన్నారు. అవకాశం మాత్రం ఒక్కసారే. తప్పిపోతే మళ్లీ ఏడాది దాకా పిలవరు.

చిక్కల్లా కంప్యూటర్‌తోనే. లిఫ్టు మెకానిక్ అయిన భర్త విడిభాగాలు కొనుక్కొచ్చి సొంత చేతులతో బిగించిన యంత్రం అది. ముందు రెండు ఫ్యాన్లు, వెనక ఒకటి, లోపల ఎంత వేడి ఉందో చెప్పే ఎర్ర అంకె ఒకటి నెత్తిమీద. నిన్న మధ్యాహ్నం ఆ అంకె తొంభై దాటగానే కంప్యూటర్ చెప్పాపెట్టకుండా ఆరిపోయింది.

"ముందువైపు జల్లెడకి దుమ్ము పట్టుంటుంది. అది దులుపు, చాలు," అన్నాడు మెకానిక్ బూట్లు తొడుక్కుంటూ. "ఇంకేం ముట్టుకోకు. నీకు దణ్ణం పెడతా."

"నేనేమన్నా చిన్నపిల్లనా?"

"చిన్నపిల్లవైతే ఇంత భయపడను."

జల్లెడ ఊడదీస్తే దాని మీద ఉన్నది దుమ్ము కాదు, దాదాపు దుప్పటి. పాప బొంత నూగంతా అక్కడే చేరి కాపురం పెట్టింది. కంగారమ్మ దాన్ని కడిగి, ఆరబెట్టి, బిగించి, యంత్రాన్ని ఆన్ చేసింది. అరగంటైనా ఎర్ర అంకె యాభై ఎనిమిది దగ్గర బుద్ధిగా కూర్చుంది.

"తగ్గిందిగా, ఇక వదిలెయ్," అంది అత్తగారు పాపను చంకనేసుకుంటూ.

అక్కడితో వదిలేసి ఉంటే చెప్పుకోవడానికి కథే ఉండేది కాదు. కానీ ఆ ఇంట్లో థర్మామీటరు ముప్పై ఏడు దాటితే తడిగుడ్డలు బయటికొస్తాయి. అలాంటిది యాభై ఎనిమిదిని కళ్లెదుట పెట్టుకుని ఊరుకోవడం తల్లి ప్రాణానికి సాధ్యమా?

"మరీ యాభై ఎనిమిదేంటి అత్తయ్యా? చెయ్యి పెట్టి చూడండి, ఒళ్లు కాలిపోతోంది."

"అది కంప్యూటరే తల్లీ. దానికి ఉగ్గు పెట్టక్కర్లేదు."

కంగారమ్మ వినలేదు. వెనక ఫ్యాను దగ్గర చెయ్యి పెట్టి చూస్తే గాలి బయటికి కొడుతోంది. గుట్టు తెలిసిపోయింది! లోపల ఉక్కపోసి చస్తుంటే ఈ ఫ్యాను గోడకు విసురుతోందన్నమాట. ఊరందరి లిఫ్టులూ బాగుచేసే మనిషి ఇంట్లో ఫ్యానును తిరగేసి బిగించాడని ఆయన పనితనానికి నవ్వుకుంటూ, నాలుగు మరలు విప్పి దాన్ని ఇటు తిప్పి బిగించింది. ఇప్పుడు మూడు ఫ్యాన్లూ లోపలికే. ముగ్గురు కలిసి విసిరితే చల్లబడని వేడి ఉంటుందా?

ఉంది. అరవై ఆరు. డెబ్భై రెండు. డెబ్భై తొమ్మిది.

భర్తకు ఫోన్ చేస్తే అందలేదు; ఏ లిఫ్టు గోతిలో ఉన్నాడో. పన్నెండుసార్లు ప్రయత్నించి, విడిభాగాలు కొన్న దుకాణానికి చేసింది.

"లోపల గాలి ఆడట్లేదేమోనమ్మా," అన్నాడు దుకాణదారు, నలుగురు గిరాకీల మధ్యలోంచి. "కాస్త పొగ పెట్టి చూడండి. పొగ ఎటు పోతే గాలి అటు పోతున్నట్టు."

పాప మందును చుక్కలు లెక్కపెట్టి పోసే మనిషి, కాస్త అంటే ఎంతో మాత్రం అడగలేదు. పాపనూ అత్తగారినీ అవతలి గదికి పంపేసి, దోమల కాయిల్ ఒకటి వెలిగించి కంప్యూటర్ ముందు పెట్టింది. కిటికీ గాలికి పొగ కనబడలేదు. ఇంకోటి వెలిగించింది. పెట్టెలో మిగిలినవి మూడే కదా, వాటిని దాచుకుని ఏం చేసుకోవాలని అవీ వెలిగించి ముందూ వెనకా పేర్చింది. ఈలోగా పది నలభై అయింది. వాళ్లు చెప్పినట్టే ముందుగా పరీక్ష లింకు తెరిచి, మైకు పెట్టి, మళ్లీ పొగ దగ్గర గొంతుక్కూర్చుంది.

పొగ ముందునుంచి లోపలికెళ్లింది. వెనకనుంచీ లోపలికే వెళ్లింది. ఎటునుంచీ బయటికి రాలేదు. బాగానే మింగుతోందే అని ఆమె ముచ్చటపడేలోపు, కంప్యూటర్ పెట్టె కడుపు నిండి, ప్రతి సందులోంచీ ప్రతి కంతలోంచీ ఒక్కసారిగా కక్కింది. ఆ పొగంతా మేఘంలా కిటికీ దారి పట్టింది.

కింద గేటు దగ్గర కండక్టరు బాబాయి ఉన్నాడు. ముప్పై ఏళ్లు బస్సులో విజిలేసి రిటైరైన ఆయన, భవనానికి నిప్పు ప్రమాదం రాకుండా చూసే బాధ్యత తనంతట తనే నెత్తినేసుకున్నాడు. మెట్ల కింద మంటలార్పే ఎర్ర సిలిండరు తెచ్చిపెట్టి మూడేళ్లయింది. ఇన్నాళ్లలో ఒక్కరూ చిన్న మంటైనా పెట్టిన పాపాన పోలేదు. కిటికీలో పొగ కనబడగానే ఆయన ముఖం వెలిగిపోయింది. విజిల్ మోగింది.

"మంటలు! మంటలు! అందరూ దిగండి! తలుపు దగ్గర నిలబడకండి, దిగేవాళ్లకి దారివ్వండి!"

కంగారమ్మ దిగ్గున లేచింది. ఎవరింట్లోనో మంటలు! అవతలి గదిలోకి దూకి, అత్తగారి చేతుల్లోంచి పాపను లాక్కుని, "రండి అత్తయ్యా!" అని అరిచి, ఆవిడ వస్తోందో లేదో చూడకుండా భవనంలో అందరికంటే ముందు కిందికి చేరింది.

"ఎవరింట్లో అక్కా?" అంది రొప్పుతూ.

కింది వాటా టైలరక్క వేలెత్తి చూపించింది. ఆ వేలికి ఎదురుగా కంగారమ్మ సొంత కిటికీ, ఐదు కాయిళ్ల పొగ వదులుతూ.

"అయ్యో, అది మంట కాదక్కా! గాలి ఎటు పోతోందో చూస్తున్నా!"

"నేను చూశాలే. మా ఇంట్లోకి పోతోంది."

అప్పటికే కండక్టరు బాబాయి సిలిండరుతో పైకెక్కేశాడు. కాసేపటికి కిటికీలోంచి "మెయిన్ ఆపండి!" అని ఆయన కేక వినబడింది. కంగారమ్మ "వద్దు, వద్దు!" అనేలోపే టైలరక్క కరెంటు మీట దించేసింది. పదీ యాభై అయిదు. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది.

"ఏంటే, పన్నెండు మిస్డ్ కాల్స్?" అన్నాడు మెకానిక్. ఆమె జరిగింది చెబితే, ఫ్యాన్ల సంగతి దగ్గరే అడ్డుపడ్డాడు. "మూడూ లోపలికే తిప్పావా? అన్ని తలుపుల్లోంచీ జనం ఎక్కుతూనే ఉంటే లిఫ్టులోంచి దిగేదెవరే? ఆ వెనకది వేడిని బయటికి పంపడానికే. మళ్లీ తిప్పు."

"ఇంక తిప్పి ఏం లాభం?" అంది పాప భుజంలో ముఖం దాచుకుని. "పరీక్ష పోయింది. నాకు నేనే పొగబెట్టుకున్నా."

పైకి వెళ్లేసరికి అత్తగారు కాయిళ్లన్నీ ఆర్పేసి తాపీగా కూర్చుని ఉంది. సిలిండరు మూడేళ్ల తర్వాత ఒక్క తుమ్ము తుమ్మి ఊరుకుందట. పిడికెడు పొడి బాబాయి చెప్పుల మీద రాలి, అవి మాత్రం అగ్ని ప్రమాదం నుంచి బయటపడ్డాయి. కరెంటు వచ్చింది. కంగారమ్మ ముక్కు చీదుకుంటూ ఫ్యానును మళ్లీ తిప్పి బిగిస్తుండగా పదకొండుంబావుకు ఫోన్ వచ్చింది. పరీక్షాధికారి!

"మేడమ్, క్షమించండి, మంటలు కాదు మేడమ్, మెయిన్ ఆపేశారు, మా పాప..."

"ఆగండాగండి," అంది ఆవిడ. "మీరు లింకు తెరిచినప్పట్నుంచీ మా దగ్గర రికార్డయింది. పావుగంటుంది. నేను మీకివ్వాలనుకున్నది ఇద్దరు నెమ్మదిగా మాట్లాడుకునే సమావేశం. నిజం సమావేశాలు అలా ఎక్కడుంటాయమ్మా? అందరూ ఒకేసారి అరుస్తారు. మీది మీకే పంపిస్తున్నా. ఎవరేమన్నారో ఒక్క మాట పోకుండా టైపు చెయ్యండి. వినబడనిచోట 'స్పష్టంగా లేదు' అని పెట్టండి. గంట టైము."

అంకె యాభై ఎనిమిదికి దిగింది. అత్తగారు వచ్చి దాని మీద పాప మోకాలికి వాడే ప్లాస్టరు ముక్క అంటించేసింది. కంగారమ్మ టైపు చేసింది. విజిల్, మెట్ల మీద కేకలు, తన అరుపు, తన పరుగు. ఆ తర్వాత, తను గదిలో లేనప్పటి గొంతులు.

"మీ కోడలికి ఈ కంప్యూటర్ గొడవెందుకమ్మా?" అంటున్నాడు బాబాయి.

"పిల్లని చంకలో పెట్టుకుని ఒంటిచేత్తో టైపు నేర్చుకుందయ్యా అది. నువ్వు రెండు చేతులుండీ ఆ సిలిండరు పిన్ను లాగలేకపోతున్నావు. ఇటియ్యి!"

ఆమె వేళ్లు ఆగిపోయాయి. తప్పు పోతుందేమోనని ఆ మాటను మూడుసార్లు వెనక్కి తిప్పి విని, కళ్లు తుడుచుకుని, అక్షరం పొల్లుపోకుండా కొట్టింది. అత్తగారు దాని వెంటనే ఇంకో ముక్క కూడా అంది. కంగారమ్మ దాన్నీ మూడుసార్లు విని, "స్పష్టంగా లేదు" అని పెట్టింది.

సాయంత్రానికి ఉద్యోగం వచ్చింది. నూటికి తొంభై తొమ్మిది మార్కులు. పోయిన ఒక్క మార్కు పక్కన పరీక్షాధికారి ఇలా రాసింది: "కూరలో ఉప్పు రెండుసార్లు వేస్తుందన్న మాట స్పష్టంగానే ఉంది."