ముట్టుకోకూడని ఉత్తరం

చేతిరాత ఉత్తరానికి ఇన్నాళ్ళలో జరిగిన గొప్ప మేలు లామినేషన్! కాదనేవాళ్ళుంటే మా టోంగా రాజధాని నుకుఅలోఫాలో కొత్తగా తెరిచిన ఉత్తరాల గ్యాలరీ చూసొచ్చి మాట్లాడండి.

ఒకప్పుడు ఉత్తరాల గతి ఏమిటి? హాపాయి దీవుల నుంచి పడవలో వచ్చేసరికి సగం ఉప్పునీళ్ళలో నానేది. మిగతా సగానికి చేపల వాసన. చదివినవాళ్ళు ఏడ్చి సిరా అలికేసేవాళ్ళు. కొందరైతే బైబిల్లో దాచుకుని, మడతల దగ్గర చిరిగేదాకా తీసి తీసి చదివేవాళ్ళు. కళాఖండాన్ని చూసుకునే పద్ధతేనా అది? ఇప్పుడు ప్లాస్టిక్ కాగితాల మధ్య పెట్టి వేడి చేసి అంటించేశారు. దాని మీద పడి ఎంత ఏడ్చినా గుడ్డతో తుడిచేయొచ్చు.

అన్నిటికన్నా పెద్ద లాభం ఇంకొకటుంది. ఇక జవాబు రాయాల్సిన పని లేదు!

మా టోంగాలో అక్క ఎదుట తమ్ముడు ప్రేమలూ పెళ్ళిళ్ళూ మాట్లాడకూడదు. కానీ పిల్ల పెళ్ళి జరగాలంటే మేనత్త ఒప్పుకోవాలి. మరి అడిగేదెలా? అందుకే ఉత్తరం. మా ఇళ్ళలో కాగితం పైసగంలో మన గోడు రాసి, కిందిసగం ఖాళీగా వదులుతాం. అక్క ఆ ఖాళీలో జవాబు రాసి అదే కాగితం తిప్పి పంపాలి. వేరే కాగితం మీద రాస్తే చెల్లదు, అదే మాట రెండో ఉత్తరంలో అడగకూడదు. ఫోన్ చేయొచ్చు కదా అంటారా? చేస్తే "తిన్నావా?" అంటుంది. "తిన్నానక్కా" అంటాం. పెట్టేస్తుంది.

ఇలాంటి అనాగరికత నుంచి మమ్మల్ని కాపాడడానికే సేమిసి వచ్చాడు. గ్యాలరీ అధికారి, విదేశాల్లో చదువుకున్నవాడు. హాపాయిలో లవీనియా అనే పెద్దావిడ ఇంటికి గంపెడు పెండలం మోసుకెళ్ళి, పాత ఉత్తరాలుంటే ఇమ్మన్నాడు. ఆవిడ చర్చిలో ఉంది. పెండలం తెచ్చిన అతిథికి లేదనలేక, కోడలు బైబిల్లో ఉన్నవన్నీ ఊడ్చి ఇచ్చేసింది. వాటిలో ఇంకా జవాబు రాయనిది ఒకటి ఉంది.

"అక్కా, పిల్లకు నెలలు నిండుతున్నాయి. నువ్వొచ్చి చాప మీద పెద్దరికంగా కూర్చోకపోతే అది పెళ్ళే కాదు. ఒక్క మాట రాయి" అని అందులో ఉంది.

దాన్ని గ్యాలరీలో గుమ్మానికెదురుగా వేలాడదీశారు. కింద లేబుల్: "సుమారు ఎనభై ఏళ్ళ నాటిది. కిందిసగం ఖాళీ ద్వీపవాసి ఒంటరితనానికి ప్రతీక." చేత్తో రాశారంటే ఈ కాలంవాళ్ళు అయ్యుండరని సేమిసి నమ్మకం. టూరిస్టులు ఫొటోలు తీసుకున్నారు. బడిపిల్లలను వరసగా నిలబెట్టి నోటుపుస్తకాల్లో ఎక్కించుకోమన్నారు. ఊరంతటికీ ఇంత చవగ్గా కబురందడం ఏ ఉత్తరం వల్ల అయింది చెప్పండి?

మొన్న లవీనియా పడవెక్కి వచ్చింది. మూటలు ఇంట్లో దింపించి, కలం పట్టుకుని తిన్నగా గ్యాలరీకి వెళ్ళింది.

"అది కాస్త విప్పు నాయనా. నేను రాయాలి."

"అమ్మా, అది చారిత్రక పత్రం. ముట్టుకోకూడదు. రాసినాయన పోయి చాలా కాలమైంది."

"పోయాడా? మరి పొద్దున రేవులో నా మూటలు మోసినవాడెవడు?"

సేమిసి నొచ్చుకోలేదు. కమిటీకి అర్జీ పెట్టుకోమన్నాడు. కమిటీ వచ్చే ఏడాది కూర్చుంటుంది.

ఆ మూటలు మోసింది నేనే. రేవు నుంచి ఇంటిదాకా అక్క ముందు నడిచింది, నేను వెనక నడిచాను. ఉత్తరం సంగతి ఆమె ఎత్తలేదు, నేను అడగలేదు. మర్నాడు పడవలో తిరిగి వెళ్ళిపోయింది. కలం మూత తీసి చాలాసేపు ఆ ప్లాస్టిక్ ముందు నిలబడిందని తర్వాత తెలిసింది. సరేనని రాయబోయిందో, వద్దని రాయబోయిందో నాకు తెలియదు. నా కూతురు రోజూ అడుగుతోంది. పుట్టబోయే బిడ్డ కమిటీ కోసం ఆగదు కదా. నాకు భయంగా ఉంది.

గ్యాలరీకి వెళ్ళేవాళ్ళు దయచేసి సేమిసికి ఒక మాట చెప్పండి. ఉత్తరం రాసినవాడు ఇంకా పోలేదు, జవాబు కోసం చూస్తున్నాడు.