రెండు మూతల మందు

ఏడింటికి బస్సు తీసి, పిల్లల్ని ఎక్కించుకొని, తొమ్మిదికల్లా కాలేజీలో దింపేయాలి. ఆ పొద్దున ఓబుళేశు అనుకున్నది అంతే. కడపలో ఆ ప్రైవేటు కాలేజీ బస్సు పదహారేళ్లుగా నడుపుతున్నాడు, ఒక్కనాడూ మందు ముట్టి ఎరగడు. ఆ వాసన వస్తేనే ఆమడ దూరం జరుగుతాడు. కాకపోతే నాపరాళ్ల ఫ్యాక్టరీల దుమ్ములో తిరిగి తిరిగి నాలుగు రోజులుగా దగ్గు పట్టుకుంది. మెడికల్ షాపాయన "పొడి దగ్గా, కఫమా?" అని అడిగి మరీ, కఫం తెగే మందు ఇచ్చాడు. పూటకు రెండు మూతలు. ఆరోజు తొందరలో మూత కనపడక, సీసా ఎత్తి నాలుగు గుక్కలు తాగేసి, ఇంటికి ఎదురుగా ఉన్న బస్సుల షెడ్డుకు ఉరికాడు.

ట్రాన్స్‌పోర్టు ఇన్‌చార్జి శాంతయ్య రోజూలాగే, తాగొచ్చినవాళ్లను పట్టే ఊదే మిషన్ నోటి దగ్గర పెట్టాడు. ఓబుళేశు ఊదాడు. మిషన్ కుయ్యిమని కూసింది. అది కూస్తే అదే రోజు ఉద్యోగం ఊడుతుంది.

"మందు తాగినావా?"

"తాగినా సార్."

శాంతయ్య బిత్తరపోయాడు. ఇంత సులువుగా ఒప్పుకున్నవాణ్ణి తన సర్వీసులో చూడలేదు.

"ఆ మందు కాదు సార్, దగ్గు మందు. కావాలంటే మా ఇంట్లో అడగండి."

శాంతయ్య ఫోన్ చేసి, అందరూ వినేలా స్పీకర్ పెట్టాడు. "ఏమ్మా, మీ ఆయన మందు తాగుతాండాడా?"

"తాగకుంటే ఎట్ల సార్, నేనే పోస్తాండా," అంది ఓబుళేశు భార్య లక్ష్మీదేవమ్మ. "మూడు పూటలా తాగుతాండాడు. ఈపొద్దు సీసా ఎత్తి తాగినాడు. బండి మీద నిద్రపోకుంటే చాలు."

చుట్టూ చేరిన డ్రైవర్లు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. పదహారేళ్ల మంచిపేరు పెళ్లాం నోటి మీదుగా నిమిషంలో పోయింది. ఓబుళేశుకు ఏడుపొక్కటే తక్కువ.

శాంతయ్య వెంటనే ప్రిన్సిపాల్‌ను రమ్మని కబురు పెట్టాడు. ఆమె రావడానికి అరగంట పట్టింది. ఈలోపు సంగతి తెలిసిన లక్ష్మీదేవమ్మ సీసా పట్టుకొని పరుగున వచ్చింది.

"ఇదే సార్ ఆ మందు."

"దగ్గు మందుకు మిషన్ కూస్తాదా? నన్ను ఎర్రోణ్ణి చేస్తాండారా? సూడండి," అంటూ శాంతయ్య సీసా లాక్కొని రెండు గుక్కలు మింగి, తానే ఊదాడు. మిషన్ ఇంకా గట్టిగా కూసింది.

సరిగ్గా అప్పుడే ప్రిన్సిపాల్ స్వర్ణలత కారు దిగారు. సీసా శాంతయ్య చేతిలోనే ఉంది. ఆమె ఇద్దరినీ మళ్లీ ఊదమన్నారు. ఓబుళేశు మందు తాగి అప్పటికే అరగంట దాటింది కాబట్టి సున్నా వచ్చింది. శాంతయ్య ఊదితే మాత్రం కూత ఆగలేదు.

"దగ్గు మందు మేడమ్," అన్నాడు శాంతయ్య, ముఖం పాలిపోయి.

"మీకు దగ్గు ఉందా?"

శాంతయ్య దగ్గబోయాడు. ఎంత ఎగదీసినా గాలి తప్ప ఏమీ రాలేదు. పక్కన ఓబుళేశుకు మాత్రం మందు పనిచేసి, షెడ్డు రేకులు అదిరేలా దగ్గొచ్చింది. తెరిపిన పడ్డాక పాపం అనిపించి, పెద్దాయన తరఫున నోరు విప్పాడు.

"ఆయనకు అలవాటు లేదు మేడమ్. ఈపొద్దే మొదలుపెట్టినాడు."

ప్రిన్సిపాల్ శాంతయ్యను ఎగాదిగా చూశారు. "ఓబుళేశూ, బస్సు తియ్యి. పోతూ పోతూ ఈయన్ని ఇంటి దగ్గర దింపు."

మందు సీసా తెప్పించి, దాని మీద 'ఆల్కహాల్ కలిసింది' అన్న చిన్న అక్షరాలు చదివాకే ఆమె శాంతయ్యను మూడో రోజు డ్యూటీకి రానిచ్చారు. రాగానే ఆయన షెడ్డు గోడకు నోటీసు అంటించాడు: డ్యూటీకి ముందు డ్రైవర్లెవరూ దగ్గకూడదు.