ఆలిస్ బ్యాడ్జికి తగిలిన డోసు

1991 ఆగస్టులో ఆ మంగళవారం ఆలిస్ వేసుకున్న ప్లాను చిన్నదే. వాడిన ఫిలిం బ్యాడ్జీలను రిజిస్టరు పోస్టులో బొంబాయి ల్యాబుకు పంపి, తొమ్మిదింటికల్లా ప్రేమ్ బజార్ దగ్గరి ఎక్స్‌రే క్లినిక్‌లో ఉండాలి. ఎక్స్‌రే గదిలో పనిచేసేవాళ్ళ ఒంటికి ఎంత కిరణం తగిలిందో ఆ బ్యాడ్జీలు చెబుతాయి. వాటి బాధ్యత ఆమెదే. రేడియేషన్ భద్రత చూసే ఉద్యోగంలో చేరి అయిదు నెలలైంది.

గుమ్మం దాటకముందే పోస్ట్‌మాన్ ఆ ల్యాబు నుంచి వచ్చిన ఉత్తరం చేతిలో పెట్టాడు. కిందటి మూడు నెలల్లో ఆలిస్ బ్యాడ్జికి చాలా ఎక్కువ డోసు తగిలిందట. విచారణ తేలేదాకా ఎక్స్‌రే గదిలో అడుగు పెట్టకూడదట.

"డోసేటే? ఏ మందు మింగినావే?" అంది తల్లి ఎస్తేరమ్మ.

"మందు కాదమ్మా, కిరణాలు. నాకేటీ అవలేదు, ఉండు."

ఎస్తేరమ్మ ఉండలేదు. పక్కింటి సింహాచలమ్మకు చెప్పింది. మాట పూరీ గేట్ దగ్గరి వీధికుళాయికి చేరేసరికి డోసు కాస్తా ఓవర్‌డోసయింది. సింహాచలమ్మ కొబ్బరిబొండాలు తెచ్చి, గుమ్మం అవతలే నిలబడి కర్రతో లోపలికి దొర్లించింది. చీకట్లో పిల్ల వెలుగుతోందేమో చూడమని సలహా కూడా ఇచ్చింది. ఎస్తేరమ్మ నిజంగానే తలుపులన్నీ మూసి చూసింది.

"ఎలగలేదు! స్తోత్రం ప్రభువా!"

పది గంటలకు వార్త ప్రేమ్ బజార్ చేరింది. అప్పటికి ఆ వార్తలో క్లినిక్ యంత్రమే పేలిపోయింది. కాలు బెణికి వచ్చినాయన కూడా బెంచీ మీంచి లేచి, అందరికంటే ముందు గేటు దాటాడు. క్లినిక్ యజమాని డాక్టర్ కృపారావు ఖాళీ బెంచీలను చూసి, ఉత్తరం చూపించడానికి వచ్చిన ఆలిస్ ముందు తెల్లకాగితం పెట్టాడు.

"నీ మూలాన క్లినిక్ మూసుకునేలా ఉందమ్మా. రాజీనామా రాసిచ్చెయ్."

తను ఏదో తప్పు చేసే ఉంటుందని ఆలిస్‌కీ అనిపించింది. ఏ తప్పో మాత్రం అంతుపట్టలేదు. పెన్ను కోసం సంచి వెతుకుతుంటే శిక్షణ చివరి రోజున ఇచ్చిన చిన్న పుస్తకం చేతికి తగిలింది. ఈ పనిలో తల నెరిసినవాళ్ళంతా ఒక సంఘంగా చేరి, కొత్తవాళ్ళకు తమ ఫోన్ నంబర్లు అలా ఇచ్చేవాళ్ళు. మొదటి పేజీలో, "భయం వేస్తే ముందు ఫోను, తర్వాతే సంతకం" అని ఉంది.

ఎస్టీడీ బూత్‌కు పరుగెత్తి, కలకత్తాలో ఉన్న మల్లికార్జునరావుకు ఫోన్ చేసింది. ఆయన ముప్పై ఏళ్ళుగా ఇదే పనిలో ఉన్నాడు.

"ఏమీ రాయకమ్మా. రక్తపరీక్ష ఇవాళే చేయించుకో. బొంబాయి ల్యాబులో తాయారుగారిని నీ బ్యాడ్జిలోని ఫిలిం మళ్ళీ చూడమంటాను. రేపు పొద్దున్నే నేను వస్తున్నా."

ఎవరూ పంపలేదు, ఎవరూ అడగలేదు. ఆయన సెలవు పెట్టి మర్నాడు కలకత్తా నుంచి వచ్చే మొదటి లోకల్ రైల్లో దిగాడు. ఆయన క్లినిక్‌లో కాలు పెట్టేసరికి తాయారు ఫోన్‌లో ఉంది. రాత్రి భోజనం మానేసి ఆ ఫిలిం ముందు కూర్చున్న మనిషి.

"బ్యాడ్జిలోని లోహపు రేకుల నీడ ఫిలిం మీద కత్తితో గీసినట్టుంది," అందావిడ. "తిరిగే మనిషి తొడుక్కుంటే నీడ చెదురుతుంది. ఇది కదలకుండా ఒకేచోట వేలాడింది."

మల్లికార్జునరావు ఎక్స్‌రే గదంతా వెతికాడు. ఛాతీ ఎక్స్‌రే తీసే పలక వెనక గోడకు ఒక మేకు కనిపించింది. ఆయా దాలమ్మ ముందుకొచ్చింది.

"ఆలిస్ పాపగారు మజ్జాన్నం ఇంటికెల్లిపోగానే ఆరి కోటు నానే అక్కడ తగిలిస్తాను బాబూ. బైటుంటే మాసిపోద్ది కదా! తెల్లారి మళ్ళీ కుర్సీ మీదెట్టేస్తాను."

ఆ కోటుకే బ్యాడ్జి. సాయంత్రం వచ్చే రోగుల ఛాతీ దాటి వచ్చిన కిరణాలన్నీ మూడు నెలలపాటు దాని మీదే పడ్డాయి.

కృపారావు వెంటనే తెల్లకాగితాన్ని దాలమ్మ వైపు తిప్పాడు. ఆలిస్ అడ్డం వచ్చింది.

"బ్యాడ్జంటే ఏటో దాలమ్మకి నేను చెప్పలేదు సార్. తప్పు నాది. రిపోర్టులో అలాగే రాస్తాను."

"రాయమ్మా," అన్నాడు మల్లికార్జునరావు. "నేను చేరిన ఏడాది నా బ్యాడ్జిని చొక్కాతో పాటు చాకలికి వేశాను. నా కోసం కూడా ఒకాయన రైలెక్కి వచ్చాడు."

ఆలిస్‌కు రెండు రోజుల్లో మొదటిసారి ఏడుపొచ్చింది.

డిసెంబరులో సంఘం వాళ్ళు కలకత్తాలో సభ పెట్టి, కొత్తవాళ్ళకు జరిగింది చెప్పమని ఆమెనే పిలిచారు. కృపారావు కూడా వచ్చి, "మా అమ్మాయే" అని పక్కవాళ్ళకు చెబుతూ ముందు వరసలో కూర్చున్నాడు. ఆలిస్ ఏమీ దాచకుండా చెప్పింది. సభలో ఉన్న నలభై మందిలో పదకొండు మంది చప్పట్లు కూడా కొట్టకుండా, తమ కోట్లు ఎక్కడ వేలాడుతున్నాయో కనుక్కోవడానికి ఫోన్ దగ్గరికి పరుగెత్తారు.